కళ్ళు తిరగడం, తల తిరగడం: పిల్లల మాటల్లో ఒక రోగలక్షణం

వ్యాససంగ్రహం:
పిల్లల నోట తరచుగా వినిపించే ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అనే మాట ఒక రోగం పేరు కాదు. లోపలి చెవి, గుండె, రక్తప్రసరణ, మెదడు, ఆహారం, పరిసరాలు వంటి వేర్వేరు మూలాల నుంచి పుట్టే అనుభవాలన్నీ ఆ ఒక్క మాట కిందికే చేరతాయి. తెలుగు నుడికారం ఈ అనుభవాలను చాలావరకు విడదీసి చెప్పగలదు. కాని ఆస్పత్రి చీటీ మీదికి వచ్చేసరికి అవన్నీ ‘గిడ్డీనెస్’ అనే మాటగా కుదించుకుపోతాయి. ఈ కుదింపు వల్ల రోగనిర్ణయంలో కలిగే నష్టాన్ని, దానికి భాషాపరిశోధన చేయగల సాయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కళ్ళు తిరగడం, తల తిరగడం, సొమ్మ, మూర్ఛ, సోయి, చక్కర్, లోపలి చెవి, పిల్లల ఆరోగ్యం, అర్థవిపరిణామం.

1. ఉపోద్ఘాతం:

ఒప్పులకుప్ప ఆడిన పిల్లలకు తల తిరగడం అంటే ఏమిటో ఎవరూ నిర్వచించి చెప్పనక్కరలేదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా పెనవేసి పట్టుకుని, పాదాలు దగ్గరగా చేర్చి, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు. ఆట ఆపి నేలమీద చతికిలబడ్డాక కూడా చుట్టూ ఉన్న ఇల్లూ వాకిలీ తిరుగుతూనే ఉంటాయి. ‘తిరగడం’ అనే క్రియను ఈ అనుభవానికి అన్వయించడం పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. తరువాత బడిలో ప్రార్థనకు నిలబడినప్పుడు కళ్ళముందు చీకటి కమ్మినా, జ్వరపడి లేచినప్పుడు ఒళ్ళు తేలిపోయినా, చెవిపోటుతో అడుగు తడబడినా వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉన్న మాట అదే. అనుభవం మారింది, మాట మారలేదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి హైదరాబాదులో తగిన చోటు ఒకటుంది. అడిక్‌మెట్ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం గుండా తార్నాకకు పోయే దారిలో ఒకవైపు తెలుగు, భాషాశాస్త్రం, జన్యుశాస్త్రం బోధించే శాఖలున్నాయి. మరోవైపు జాతీయ పోషకాహార సంస్థ, భారత రసాయన సాంకేతిక సంస్థ ఉన్నాయి. బిడ్డ చెప్పిన మాటను పట్టుకునే శాస్త్రమూ, బిడ్డ రక్తాన్ని పరీక్షించే శాస్త్రమూ ఇరుగుపొరుగున ఉన్నాయన్నమాట. పిల్లల తలతిరుగుడు విషయంలో ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి పని ఉంది.

2. తిరగడం వెనుక ఉన్న యంత్రాంగం:

లోపలి చెవిలో ప్రతి వైపునా మూడు అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. మూడూ మూడు తలాల్లో అమరి ఉంటాయి. వాటిలో ద్రవం నిండి ఉంటుంది. తల తిరిగినప్పుడు కుల్య గోడ వెంటనే కదులుతుంది కాని, లోపలి ద్రవం జడత్వం వల్ల కొంచెం వెనకబడుతుంది. ఆ తేడాకు కుల్య మొదట్లో ఉన్న మెత్తని తెరవంటి భాగం వంగి, దానిలోని సూక్ష్మమైన కేశకణాలు మెదడుకు సమాచారం పంపుతాయి. ఎక్కువసేపు తిరుగుతూ ఉంటే ద్రవం గోడతో సమానవేగాన్ని అందుకుంటుంది. అప్పుడు హఠాత్తుగా ఆగితే గోడ ఆగుతుంది, ద్రవం ఆగదు. తెర ఈసారి ఎదురువైపుకు వంగుతుంది. తాను తిరుగుతున్నానని చెవి చెబుతుంది, తిరగడం లేదని పాదాలు చెబుతాయి. ఈ వివాదమే ఒప్పులకుప్ప ముగిసిన తరువాతి తలతిరుగుడు.

ఆ క్షణంలో బిడ్డ కళ్ళను దగ్గరగా చూస్తే అవి ఒక పక్కకు మెల్లగా జారి, గబుక్కున వెనక్కి వస్తూ ఉండటం కనిపిస్తుంది. తల కదిలినా చూపు నిలిచేటట్లు లోపలి చెవి కంటి కండరాలను నడిపించడం దీనికి కారణం. అంటే లోపలి చెవి తలతిరుగుడులో కళ్ళు నిజంగానే తిరుగుతాయి. విచిత్రమేమిటంటే, తెలుగులో ‘కళ్ళు తిరిగి పడిపోయాడు’ అన్నప్పుడు సాధారణంగా ఉద్దేశించేది దీనిని కాదు. రక్తం మెదడుకు చాలక సొమ్మసిల్లడాన్ని అలా అంటారు, అందులో కళ్ళు ఈ విధంగా తిరగవు.

లోపలి చెవి పనితీరును, దానికి కంటి కదలికలతో ఉన్న సంబంధాన్ని పరిశీలించిన రాబర్ట్ బారానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. చెవిలో గోరువెచ్చని నీరు పోస్తే కళ్ళు ఒకవైపుకు, చల్లని నీరు పోస్తే రెండోవైపుకు కదులుతాయన్న ఆయన పరిశీలన నేటికీ పరీక్షగా వాడుకలో ఉంది. సమతౌల్య వ్యాధుల నామకరణాన్ని చూసే అంతర్జాతీయ సంఘం ఆయన పేరుతోనే నడుస్తోంది.

3. తెలుగు మాటల పటం:

1972లో డ్రాక్‌మన్, హార్ట్ అనే అమెరికన్ వైద్యులు తలతిరుగుడు ఫిర్యాదులను నాలుగుగా విభజించారు. చుట్టూ ఉన్నది గాని తాను గాని తిరుగుతున్నట్లు ఉండటం మొదటిది, స్పృహ తప్పబోతున్నట్లు ఉండటం రెండవది. నిలకడ లేక తూలడం మూడవది. ఈ మూడింటిలో చేరని, తల తేలికైపోయినట్లుండే అస్పష్ట భావన నాలుగవది. ఆంగ్లంలో ఈ నాలుగింటికీ జనసామాన్యం వాడేది ఒకే మాట. వైద్యుడు గుచ్చిగుచ్చి అడిగి విడదీయాలి.

తెలుగులో పరిస్థితి కొంత మెరుగు. ‘ఇల్లంతా గిర్రున తిరుగుతోంది’ అనేది మొదటి వర్గానికి సరిగ్గా సరిపోతుంది. ‘కళ్ళు బైర్లు కమ్మాయి’, ‘కళ్ళముందు చీకట్లు కమ్మాయి’, ‘సొమ్మ వచ్చినట్లయింది’ అనేవి రెండవ వర్గానివి. ‘తూలుతున్నాడు’, ‘అడుగు నిలవడం లేదు’ మూడవదాన్ని చెబుతాయి. ‘ఒళ్ళు తేలిపోతోంది’, ‘తల దిమ్ముగా ఉంది’ నాలుగవదాన్ని సూచిస్తాయి. ఈ రెండింటి మధ్య ‘కళ్ళు తిరగడం’, ‘తల తిరగడం’ అనే రెండు మాటలు ఉమ్మడి ఆస్తిలా అన్ని వర్గాల్లోకీ వస్తూ పోతూ ఉంటాయి. మొత్తం మీద ‘తల తిరగడం’ మొదటి వర్గానికి, ‘కళ్ళు తిరగడం’ రెండవదానికి దగ్గరగా ఉంటాయి గాని, ఈ సరిహద్దు ఇంటింటికీ మారుతుంది.

ప్రాంతభేదాలు ఈ పటాన్ని ఇంకా వివరంగా గీస్తాయి. తెలంగాణలో ‘సోయి తప్పింది’ అంటే స్పృహ పూర్తిగా పోయిందని అర్థం. ‘కండ్లు తిరిగినయ్ గని సోయి తప్పలే’ అని బిడ్డ తల్లి అంటే, వైద్యుడు పది ప్రశ్నలు వేసి రాబట్టవలసిన విషయం ఒక్క వాక్యంలో వచ్చేసినట్లే. హైదరాబాదులో ఉర్దూ ప్రభావం వల్ల ‘చక్కరొస్తుంది’ అనే మాట కూడా సర్వసాధారణం. చక్కర్‌కు మూలం సంస్కృత చక్రశబ్దం. మాధవనిదానంలోని పదిహేడవ అధ్యాయం మూర్ఛ, భ్రమ, నిద్ర, తంద్ర, సన్న్యాసం అనే ఐదింటిని కలిపి చర్చిస్తుంది. అక్కడ భ్రమను వర్ణించడానికి తీసుకున్న ఉపమానం కూడా తిరిగే చక్రమే. పుస్తకంలోని ఉపమానమూ, అడిక్‌మెట్ బడిపిల్ల మాటా ఒకే ధాతువు దగ్గర కలుసుకోవడం భాషాచరిత్రలో చిన్న వింత.

మాధవనిదానం చేసిన మరో విభజన ఇక్కడ గమనింపదగినది. అది మూర్ఛకు పిత్త తమస్సులను, భ్రమకు రజస్సుతో కూడిన పిత్త వాతాలను కారణంగా చెప్పింది. దోషసిద్ధాంతాన్ని అంగీకరించినా అంగీకరించకపోయినా, స్పృహ తప్పడమూ, తిరుగుతున్నట్లు అనిపించడమూ రెండు వేర్వేరు వ్యాధులని ఆ గ్రంథకర్త గుర్తించాడన్నది స్పష్టం. జనవ్యవహారంలో రెండూ ‘పైత్యం చేసింది’ అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. నిమ్మరసం ఇచ్చి పడుకోబెట్టడంతో విచారణ ముగుస్తుంది.

4. ‘మూర్ఛ’ పదంలో అర్థవిపరిణామం:

మిగిలిన మాటలకన్నా ఎక్కువ నష్టం కలిగించేది ‘మూర్ఛ’. కావ్యభాషలో మూర్ఛ అంటే సొమ్మసిల్లడం. దుఃఖవార్త విని మూర్ఛిల్లిన పాత్రలకు పన్నీరు చల్లి, వింజామరలు వీచి శైత్యోపచారాలు చేయడం తెలుగు కావ్యాల్లో తరచుగా కనిపించే సన్నివేశం. ఆధునిక వ్యవహారంలో ‘మూర్ఛవ్యాధి’ అంటే అపస్మారం, పట్టణాల్లో ‘ఫిట్స్’. రెండు అర్థాలూ ఇప్పటికీ సజీవంగా ఉన్నాయి. అమ్మమ్మ ‘పిల్ల మూర్ఛపోయింది’ అన్నప్పుడు పాత అర్థంలో అంటుంది, యువవైద్యుడు కొత్త అర్థంలో వింటాడు.

ఈ పొరపాటు జరగడానికి శరీరమే మరో కారణం కల్పిస్తుంది. సొమ్మసిల్లిన బిడ్డకు కూడా చేతులు కాళ్ళు కొద్దిసేపు కుదుపులతో కదలవచ్చు. 1994లో జర్మనీలో లెంపర్ట్ బృందం ఆరోగ్యవంతులైన వైద్యవిద్యార్థులకు వారి సమ్మతితో సొమ్మ తెప్పించి వీడియో తీసింది. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 38 మందికి కుదుపులు కనిపించాయి. వారిలో ఎవరికీ అపస్మారం లేదు. కుదుపులు చూసి బెదిరిన పెద్దలు ‘మూర్ఛ’ అని చెబితే, విన్నవారు అపస్మారం అని రాసుకుంటే, బిడ్డకు ఏళ్ళ తరబడి అవసరం లేని మందులు పడే ప్రమాదం ఉంది. దానితోపాటు ఆ పేరు మోసే అపకీర్తి కూడా వస్తుంది. ఆడపిల్ల విషయంలో అది పెళ్ళిమాటల వరకు వెంటాడుతుందన్నది తెలుగు కుటుంబాల్లో అందరికీ తెలిసినదే.

రెండింటినీ విడదీసేవి పడిపోవడానికి ముందూ, తరువాతా ఉన్న నిమిషాలు. సొమ్మకు ముందు ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది, చూపు మసకబారుతుంది. పడుకోబెడితే ఒకటి రెండు నిమిషాల్లోనే బిడ్డ లేచి తన పేరూ చోటూ చెప్పగలుగుతుంది. అపస్మారంలో కుదుపులు సాధారణంగా ఎక్కువసేపు ఉంటాయి, ముఖం నీలం తిరగవచ్చు, నాలుక పక్కభాగం తెగవచ్చు, మెలకువ వచ్చాక చాలాసేపు అయోమయం ఉంటుంది. చేతిలో తాళంచెవి గాని ఇనుపముక్క గాని పెట్టడం రెండింటిలో దేనికీ పనికిరాదు. సొమ్మకు కావలసినది పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టడం. ఫిట్స్‌కు కావలసినది పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, ఎంతసేపు సాగిందో గడియారం చూసుకోవడం. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

ఈ రెండింటి మధ్య నిలిచే మరో స్థితి దక్షిణభారతంలో ఎక్కువగా కనిపిస్తుంది. తలమీద వేడినీళ్ళు కుమ్మరించుకునేటప్పుడు మాత్రమే వచ్చే అపస్మారం కర్ణాటకలో విస్తారంగా నమోదయింది. ఇరుగుపొరుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తుంది. తలంటు సమయంలో బిడ్డ చూపు నిలిచిపోయి, పిలిస్తే పలకకుండా, వింతగా గొణుగుతూ ఉంటే ‘వేడికి కళ్ళు తిరిగాయి’ అని సరిపెట్టుకోకూడదు. నీటి వేడి తగ్గించి, తలను తడిబట్టతో తుడవడమే చాలామందికి తొలి చికిత్స.

5. మాట చాలనప్పుడు:

మాటల పటం ఎంత వివరంగా ఉన్నా దానిపైనే ఆధారపడటం క్షేమం కాదు. అమెరికాలో న్యూమన్‌టోకర్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం అత్యవసర విభాగానికి వచ్చిన రోగులను కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు ప్రశ్నించింది. చాలామంది తమ తలతిరుగుడు ఏ రకమో రెండవసారి మార్చి చెప్పారు. ఎంతసేపు ఉంది, ఏం చేస్తుంటే వచ్చింది అన్న విషయాల్లో మాత్రం స్థిరంగా ఉన్నారు. వాళ్ళు పెద్దలు. ఆరేళ్ళ బిడ్డ మాట ఇంతకన్నా నిలకడగా ఉంటుందని ఆశించలేము.

ఇంకా చిన్నపిల్లలకు మాటే ఉండదు. రెండు మూడేళ్ళ బిడ్డ ఆడుకుంటూ ఆడుకుంటూ హఠాత్తుగా తెల్లబోయి, తల్లి కాళ్ళను గట్టిగా చుట్టేసుకుని, నిలబడనంటూ ఏడుస్తాడు. కొద్ది నిమిషాల్లో ఏమీ జరగనట్లు మళ్ళీ ఆటలో పడతాడు. ‘పిల్లాడు జడుసుకున్నాడు’ అంటారు ఇంట్లోవాళ్ళు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. 1964లో బాసర్ అనే వైద్యుడు వర్ణించిన బాల్యపు నిరపాయకర తలతిరుగుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది. అది ఏళ్ళు గడిచే కొద్దీ తనంతట తానే తగ్గిపోతుంది కాబట్టి తాయెత్తుకు మంచిపేరు వచ్చి ఉంటుందని ఊహించవచ్చు. 2021లో బారానీ సంఘం, అంతర్జాతీయ తలనొప్పి సంఘం కలిసి దీనికి బాల్యపు పునరావృత తలతిరుగుడు అని పేరు మార్చి ప్రమాణాలు నిర్ణయించాయి. ఒక నిమిషం నుంచి 72 గంటల వరకు సాగే విడతలు కనీసం మూడు ఉండాలి.

అదే పత్రం బాల్యంలోని పార్శ్వపునొప్పి సంబంధిత తలతిరుగుడును విడిగా నిర్వచించింది. కనీసం ఐదు విడతలు, ఒక్కొక్కటి 5 నిమిషాల నుంచి 72 గంటల వరకు, వాటిలో సగానికైనా తలనొప్పి గాని, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం గాని తోడుగా ఉండాలి. పిల్లల తలతిరుగుడు కారణాల్లో ఇది ప్రధానమైనది. తల్లికి పార్శ్వపునొప్పి ఉందా అని అడగడం చాలా సందర్భాల్లో ఖరీదైన స్కానింగు కన్నా ఎక్కువ చెబుతుంది. తెల్లవారుజామున తలనొప్పీ వాంతులూ, రోజురోజుకూ పెరిగే తూలుడూ, మెల్లకన్నూ కలిసి వచ్చినప్పుడు మాత్రం స్కానింగు ఆలస్యం చేయరాదు. మెదడు వెనుకభాగంలో కణితి ఉన్న పిల్లలు ఇలాగే కనిపిస్తారు.

చెవి సంగతి సాదాసీదాగా కనిపిస్తుంది కాబట్టే మరుగున పడుతుంది. కర్ణభేరి వెనుక నీరు చేరిన బిడ్డ తరచూ పడిపోతాడు, ‘చూసుకోకుండా నడుస్తాడు’ అని తిట్లు తింటాడు. ఏళ్ళ తరబడి చీముకారే చెవితో ఉన్న బిడ్డకు కొత్తగా తలతిరుగుడు మొదలైతే అది ఎముకను తినేసి లోపలి చెవిదాకా పోయిందేమోనని అనుమానించాలి.

6. గుండె, చెవుడు, మేనరికం:

నిలబడి ఉన్నప్పుడు వచ్చే సొమ్మ చాలావరకు నిరపాయకరం. పరుగెత్తుతూ ఉండగా, ఈదుతూ ఉండగా, హఠాత్తుగా గంట మోగినప్పుడు ఏ ముందస్తు సూచనా లేకుండా పడిపోవడం నిరపాయకరం కాదు. గుండెలోని విద్యుత్ ప్రవాహం సర్దుకోవడానికి ఎక్కువ సమయం తీసుకునే జన్యులోపం వల్ల అలా జరగవచ్చు. దాన్ని పసిగట్టడానికి ఈసీజీ సాయపడుతుంది. కుటుంబంలో ఎవరైనా చిన్నవయసులో నిద్రలోనో, నీళ్ళలోనో హఠాత్తుగా చనిపోయారా అన్న ప్రశ్న తప్పక అడగాలి.

1957లో నార్వేకు చెందిన జెర్వెల్, లాంగె నీల్సన్ ఒకే కుటుంబంలో పుట్టుచెవుడు ఉన్న నలుగురు పిల్లలను గురించి రాశారు. నలుగురూ తరచూ స్పృహ తప్పేవారు, ముగ్గురు హఠాత్తుగా మరణించారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందినప్పుడే ఈ వ్యాధి వస్తుంది. గుండెకు పొటాషియం ప్రవాహాన్ని నియంత్రించే జన్యువే లోపలి చెవి ద్రవాన్ని కూడా తయారుచేస్తుంది కాబట్టి చెవీ గుండే ఒకేసారి దెబ్బతింటాయి. మేనమామ మేనకోడళ్ళ పెళ్ళిళ్ళు, మేనత్త మేనమామ పిల్లల పెళ్ళిళ్ళు ఇప్పటికీ జరుగుతున్న తెలుగుసమాజంలో ఈ అరుదైన వ్యాధికి ఇతరచోట్ల కన్నా ఎక్కువ అవకాశం ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుసంస్థ బేగంపేటలో తన ఆస్పత్రితోపాటు ఇటువంటి కుటుంబాలకు సలహా ఇచ్చే పని చేస్తూ వచ్చింది.

ఇక్కడే భాష మళ్ళీ అడ్డు వస్తుంది. పుట్టుచెవుడు ఉన్న బిడ్డ తనకు ఏమవుతోందో మాటల్లో చెప్పలేదు. ఆ బిడ్డ పడిపోతే ‘చెవుడు కదా, తూలుతాడు’ అని కుటుంబం సమాధానపడుతుంది. అందులో సగం నిజం ఉంది, పుట్టుచెవుడు ఉన్న పిల్లల్లో పలువురికి సమతౌల్యభాగం కూడా బలహీనంగా ఉండి మెడ నిలపడం, నడక ఆలస్యమవుతాయి. ఆ సగం నిజం మిగతా సగాన్ని కప్పేయకూడదు. చెవిటి బిడ్డ ఒక్కసారి స్పృహ తప్పినా ఈసీజీ తీయించాలి.

7. రక్తహీనత, ఖాళీ కడుపు:

బడిలో బిడ్డ పడిపోతే మొదట వినిపించే మాట ‘పొద్దున తినలేదేమో’. రెండవది ‘రక్తం తక్కువేమో’. రెండూ నిజం కావచ్చు, రెండూ విచారణను అర్ధాంతరంగా ఆపేసే సాకులూ కావచ్చు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పూర్వరూపం 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగం. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో ప్రస్తుత నామం పొందింది. భారతీయుల రక్తహీనతపై ఇక్కడ దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6 నెలల నుంచి 59 నెలల పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. ఆ సర్వే వేలికొన నుంచి తీసిన రక్తపు బొట్టును పరీక్షించింది. 2016 నుంచి 2018 వరకు జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే సిర నుంచి రక్తం తీసి చూస్తే దేశం మొత్తంలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల్లో 41 శాతం, 5 నుంచి 9 ఏళ్ళవారిలో 24 శాతం, 10 నుంచి 19 ఏళ్ళవారిలో 28 శాతం తేలింది. రక్తం తీసే పద్ధతి వల్ల ఎంత తేడా వస్తుందన్న చర్చ ఇంకా సాగుతోంది. బడికి వెళ్ళే వయసు పిల్లల్లో సుమారు నాలుగో వంతు అన్నది తక్కువ అంచనాగా తీసుకున్నా చిన్న సంఖ్య కాదు.

అయితే స్వల్పమైన రక్తహీనత ఒక్కటే బిడ్డను పడగొట్టడం అరుదు. ప్రార్థన సమయంలో కదలకుండా నిలబడినప్పుడు రక్తం కాళ్ళలోకి దిగుతుంది. ఎండలో చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. నీళ్ళు తాగితే మరుగుదొడ్డికి వెళ్ళవలసివస్తుందని, అక్కడి మరుగుదొడ్డి బాగుండదని ఆడపిల్లలు దాహం అణచుకుంటారు. వీటికి రక్తహీనతా ఖాళీ కడుపూ తోడైతే గుండె వేగం తగ్గి, రక్తనాళాలు సడలి, మెదడుకు రక్తం చాలక బిడ్డ ఒరిగిపోతుంది. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు పెట్టడం వెనుక ఎండ భయం ఉంది కాని, ప్రార్థనను నీడలోకి మార్చడం, వరుసలో పిల్లల్ని కాళ్ళు కదిలించనివ్వడం, నీళ్ళసీసా పక్కనే ఉంచుకోనివ్వడం కూడా అంతే అవసరం. వీటికి ఖర్చు లేదు.

8. ఏలూరు, 2020:

ఒక బిడ్డ పడిపోతే ఆ బిడ్డ శరీరంలో కారణం వెతకాలి. ఒకే రోజు చాలామంది పడిపోతే వెతకవలసిన చోటు మారుతుంది. 2020 డిసెంబరు 5న ఏలూరులో ఇటువంటిదే జరిగింది. ఉన్నట్టుండి పెద్దలూ పిల్లలూ కళ్ళు తిరిగి పడిపోసాగారు. కొందరికి ఫిట్స్, వాంతులు, తలనొప్పి, కొంతసేపటి మతిమరుపు వచ్చాయి. వారం రోజుల్లో ఆరువందల మందికి పైగా ఆస్పత్రుల్లో చేరారు, ఒకరు మరణించారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇంటికి వెళ్ళారు. పత్రికలు దీన్ని ‘వింతవ్యాధి’ అన్నాయి.

ఆ వింతను ఛేదించడానికి రంగంలోకి దిగిన సంస్థల్లో తార్నాకలోని పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ కూడా ఉన్నాయి. నీళ్ళు, పాలు, కూరగాయలు, రక్తం నమూనాలు వేర్వేరు సంస్థల ప్రయోగశాలలకు వెళ్ళాయి. తొలి పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా కనిపించాయి. తరువాతి విచారణ పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గింది. పురుగుమందుల్లో కొన్ని రకాలు నరాల సంకేతాలను నిలిపివేసే ఎంజైమును అడ్డుకుంటాయి కాబట్టి తలతిరుగుడు నుంచి ఫిట్స్ దాకా అన్నీ సాధ్యమే.

ఇటువంటి విచారణలో ప్రయోగశాల కన్నా ముందు పనిచేసేది మాట. ‘కళ్ళు తిరిగాయి’ అన్నవారిలో ఎందరికి స్పృహ తప్పింది, ఎందరికి తప్పలేదు, పడేముందు ఏం తిన్నారు, ఏ నీళ్ళు తాగారు అన్నది ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకోవాలి. అడిగేవారి దగ్గరి పత్రంలో అన్ని అనుభవాలకూ ఒకే గడి ఉంటే, వేర్వేరు జబ్బులు ఒకే లెక్కలో పడతాయి. భయంతో సొమ్మసిల్లినవారూ విషప్రభావానికి లోనైనవారూ ఒకే గడిలోకి చేరతారు.

9. అనువాదంలో ఒక గడి:

పిల్లల తలతిరుగుడు వారి దినచర్యను ఎంత కుంటుపరుస్తోందో కొలవడానికి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 5 నుంచి 12 ఏళ్ళ పిల్లల సంరక్షకుల కోసం ఒక ప్రశ్నావళిని తయారుచేసి 2015లో ప్రచురించారు. ఇటువంటి ప్రశ్నావళులను భారతీయభాషల్లోకి తేవడం పరిశోధకుల ముందున్న పని. తెలుగు అనువాదకుడు ఆ ఆంగ్లపదానికి ప్రతిచోటా ‘కళ్ళు తిరగడం’ అని వాడితే, తెలియకుండానే ప్రశ్నావళి సొమ్మ వైపు ఒరుగుతుంది. ‘తల తిరగడం’ అని వాడితే చెవి వైపు ఒరుగుతుంది. పైగా ‘తల తిరుగుతోందా?’ అనే ప్రశ్నకు తెలుగింట్లో ‘పొగరెక్కిందా?’ అనే అర్థం కూడా ఉంది. బిడ్డ ఆ ప్రశ్నకు బెదిరి ‘లేదు’ అనవచ్చు.

ఈ పనికి పద్ధతి తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయపదాలను ఊరూరా తిరిగి, చేసేవారి నోటినుంచే సేకరించింది. పనిముట్టును చూపించి పేరు అడగడం ఆ పద్ధతిలోని కీలకం, పేరు చెప్పి అవునా అని అడగడం కాదు. రోగలక్షణాల మాటలనూ ఇదే క్రమంలో సేకరించవచ్చు. లక్షణాన్ని చేతితో చూపించలేము గనుక సందర్భాన్ని ముందుంచాలి. ఒప్పులకుప్ప ఆగినప్పుడు ఎలా ఉంటుంది, చాలాసేపు గొంతుకూర్చుని గబుక్కున లేచినప్పుడు ఎలా ఉంటుంది, ఘాట్‌రోడ్డు మీద బస్సులో ఎలా ఉంటుంది అని అడిగి, బిడ్డ ఏ మాట వాడుతుందో రాసుకోవాలి. ఆ తరువాతనే ‘నిన్న బడిలో పడిపోయినప్పుడు వీటిలో దేనిలా ఉంది?’ అని అడగాలి. మొదటి మూడు జవాబులు ఆ బిడ్డ సొంత నిఘంటువు, నాలుగవ జవాబును దానితో చదవాలి.

చీటీ మీద రాసేటప్పుడు ఆ మాటను ఉన్నదున్నట్లు, ఎవరు అన్నారో కూడా చేర్చి రాయడానికి అర నిమిషం చాలు. ‘కండ్లకు చీకటొచ్చింది, సోయి తప్పలే, కూసుంటె తగ్గింది, బిడ్డ చెప్పిన మాట’ అని ఒక పంక్తి ఉంటే, తరువాత చూసే వైద్యుడు ముందుగా చేయవలసినది బిడ్డను పడుకోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టి మూడు నిమిషాల తరువాత మరొకసారి రక్తపోటు, నాడి చూడటం. ‘తల తిప్పితే గోడ గిర్రున తిరిగింది, చెవిలో హోరు’ అని ఉంటే ముందుగా చూడవలసినది చెవిని.